డౌన్‌హిల్ సైకిలు సస్పెన్షన్ ఫోర్కు

డౌన్‌హిల్ సైకిలు సస్పెన్షన్ ఫోర్కు అనగా కొండవాలుల మీదుగా వేగంగా దిగే మౌంటెన్ బైకులో ముందు చక్రాన్ని పట్టి ఉంచుతూ, నేల నుండి వచ్చే కుదుపులను తనలో ఇముడ్చుకొనే భాగము. సాధారణ సైకిలుకు ముందు చక్రానికి ఇరువైపులా ఉండే రెండు కాళ్ళ భాగాన్ని ఫోర్కు అంటారు. హైదరాబాదు సైకిలు దుకాణాల వాడుకలో దీనిని చిమ్టా అని కూడా అంటారు. ఆ కాళ్ళను కదలని గొట్టాలుగా కాక, ఒకదానిలో ఒకటి జారే గొట్టాలుగా చేసి, లోపల స్ప్రింగును, నూనెతో పనిచేసే డ్యాంపరును అమర్చితే అది సస్పెన్షన్ ఫోర్కు అవుతుంది. మోటారు సైకిలు ముందు ఫోర్కు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది.

డౌన్‌హిల్ ఫోర్కు మిగిలిన సస్పెన్షన్ ఫోర్కులకంటే పొడవైనది, బరువైనది, ఖరీదైనది. దీని ధర ఒక మామూలు మౌంటెన్ బైకు మొత్తం ధరను మించవచ్చును. ఫ్రేముకు, చక్రానికి, స్వారీ చేసే నేలకు సరిపడని ఫోర్కును బిగిస్తే డబ్బు వృథా కావడమే కాక, ఫ్రేము విరిగి ప్రాణాపాయం కూడా కలుగవచ్చును. కావున ఎంపికకు ముందు దాని నిర్మాణము, కొలతలు, నేల స్వభావము తెలుసుకొనుట అవసరము. ఈ వ్యాసంలో ఉదాహరణలకు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము, దానిని ఆనుకొని ఉన్న తార్నాక పరిసరాలు తీసుకోబడినవి.

చరిత్ర

నూనెతో కుదుపును అదుపు చేసే టెలిస్కోపిక్ ఫోర్కులు మొదట మోటారు సైకిళ్ళలో వచ్చాయి. జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1935లో ఆర్12 అనే నమూనాలో ఇటువంటి ఫోర్కును ప్రవేశపెట్టింది. సైకిళ్ళకు ఈ ఏర్పాటు రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

డౌన్‌హిల్ క్రీడకు మూలం అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. అక్కడి మారిన్ కౌంటీలో మట్టిబాటలపై పాత సైకిళ్ళతో దిగే యువకులు 1976 అక్టోబరు 21న రీప్యాక్ అనే పోటీని మొదలుపెట్టారు. ఏటవాలు దిగే సరికి వెనుక చక్రపు బ్రేకు హబ్బులోని గ్రీజు కాలి ఆవిరై పోయేది. ప్రతిసారీ దానిని తిరిగి నింపవలసి వచ్చేది. పోటీకి ఆ పేరు అందువలననే వచ్చింది. ఆనాటి సైకిళ్ళకు సస్పెన్షన్ లేదు. స్వారీదారుని చేతులు, మోకాళ్ళే కుదుపులను భరించేవి.

పాల్ టర్నర్ స్థాపించిన రాక్‌షాక్స్ సంస్థ 1989లో ఆర్‌ఎస్-1 అనే ఫోర్కును విడుదల చేసింది. 1990లో అమెరికాలోని డ్యురాంగోలో జరిగిన తొలి ప్రపంచ మౌంటెన్ బైక్ ఛాంపియన్‌షిప్ పోటీలలో గ్రెగ్ హెర్బోల్డ్ రాక్‌షాక్స్ ఫోర్కు గల సైకిలుపై పురుషుల డౌన్‌హిల్ విజేతగా నిలిచాడు. ఆనాటి ఫోర్కులు సుమారు 50 మిల్లీమీటర్ల మేర మాత్రమే కదిలేవి. ఇటలీకి చెందిన మర్జోక్కి సంస్థ తెచ్చిన బాంబర్ ఫోర్కులు 1990ల చివరిభాగంలో మోటారు సైకిలు పద్ధతిలో కాయిల్ స్ప్రింగును, నూనె స్నానాన్ని సైకిళ్ళలో వ్యాప్తి చేశాయి. రాక్‌షాక్స్ బాక్సర్ 1998లోను, 40 మి.మీ. వ్యాసం గల కాళ్ళతో ఫాక్స్ 40 ఆ తరువాత 2000ల మధ్యలోను వచ్చాయి. 200 మి.మీ. కదలిక గల జంట కిరీటపు ఫోర్కు డౌన్‌హిల్ పోటీలకు ప్రమాణంగా స్థిరపడింది.

సంస్థల యాజమాన్యాలు కూడా మారాయి. రాక్‌షాక్స్‌ను 2002లో శ్రామ్ సంస్థ, మర్జోక్కి సైకిలు విభాగాన్ని 2015లో ఫాక్స్ సంస్థ కొనుగోలు చేశాయి. మొదట 26 అంగుళాల చక్రాలకే తయారైన డౌన్‌హిల్ ఫోర్కులు తరువాత 27.5 అంగుళాలకు, 2017 ప్రపంచకప్ పోటీల నుండి 29 అంగుళాలకు విస్తరించాయి.

భారతదేశంలో మౌంటెన్ బైకింగ్ ప్రధానంగా హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, నీలగిరులు, కేరళ కొండ ప్రాంతాలలో అభివృద్ధి చెందింది. 2023 అక్టోబరులో కేరళలోని పొన్ముడి కొండలు ఆసియా మౌంటెన్ బైక్ ఛాంపియన్‌షిప్ పోటీలకు వేదికైనాయి. 1996 అట్లాంటా క్రీడల నుండి క్రాస్ కంట్రీ సైక్లింగు ఒలింపిక్ క్రీడగా ఉన్నది. డౌన్‌హిల్‌కు మాత్రం ఒలింపిక్స్‌లో స్థానం లభించలేదు.

భాగాలు

సస్పెన్షన్ ఫోర్కులోని ముఖ్య భాగాలు ఇవి.

స్టీరరు గొట్టము: ఫ్రేము ముందు భాగంలోని తల గొట్టం గుండా పైకి వెళ్ళి హ్యాండిలుతో కలిసే గొట్టము.

కిరీటము: స్టీరరు గొట్టాన్ని రెండు కాళ్ళతో కలిపే అడ్డపట్టీ. మామూలు ఫోర్కుకు ఒకే కిరీటం తల గొట్టం కింద ఉంటుంది. డౌన్‌హిల్ ఫోర్కుకు తల గొట్టం పైన మరొకటి ఉంటుంది.

పై కాళ్ళు: నున్నగా మెరిసే గొట్టాలు. ఇవి కింది కాళ్ళలోనికి జారుతాయి. వీటి వ్యాసమే ఫోర్కు దృఢత్వానికి ప్రధాన కొలత.

కింది కాళ్ళు: ఇరుసును, డిస్కు బ్రేకును మోసే భాగము. సాధారణంగా మెగ్నీషియం మిశ్రమలోహంతో పోతపోస్తారు.

స్ప్రింగు: ఉక్కు కాయిల్ గాని, గదిలో బంధించిన గాలి గాని కావచ్చును.

డ్యాంపరు: నూనెను సన్నని రంధ్రాల గుండా పోనిచ్చి కదలికకు అడ్డుకట్ట వేసే పరికరము.

బుష్షులు, సీళ్ళు: కాళ్ళు ఊగిసలాడకుండా జారడానికి బుష్షులు, లోపలి నూనె బయటకు, బయటి దుమ్ము లోపలికి పోకుండా సీళ్ళు ఉపయోగపడతాయి.

పనిచేయు విధానము

స్ప్రింగు, డ్యాంపరు వేరువేరు పనులు చేస్తాయి. స్ప్రింగు కుదుపులోని శక్తిని దాచుకొని తిరిగి ఇచ్చివేస్తుంది. డ్యాంపరు ఆ శక్తిని నూనె రాపిడి ద్వారా వేడిగా మార్చి పోగొడుతుంది. స్ప్రింగు మాత్రమే ఉన్న ఫోర్కు రాతిని ఎక్కినపుడు ఎంత అణుగుతుందో, వెంటనే అంత బలంగా పైకి లేచి హ్యాండిలును తన్నుతుంది. తక్కువ ధర సైకిళ్ళలో కనిపించే అనేక ఫోర్కులకు చెప్పుకోదగిన డ్యాంపరు ఉండదు. అటువంటివి చూపులకు సస్పెన్షన్ వలె ఉన్నా, వేగంగా దిగేటప్పుడు ముందు చక్రాన్ని నేలకు అంటిపెట్టుకొని ఉంచలేవు.

ఫోర్కు ఎంత మేర అణగగలదో ఆ దూరాన్ని కదలిక అంటారు. దీని ప్రాముఖ్యం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మనిషి, సైకిలు కలిపి 85 కిలోల బరువు 60 సెంటీమీటర్ల ఎత్తు నుండి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 500 జౌళ్ళు. అందులో సగం ముందు చక్రంపై పడుతుందని అనుకొంటే 250 జౌళ్ళను ఫోర్కు భరించాలి. ఆ శక్తి 100 మి.మీ. దూరంలో ఖర్చయితే సగటు బలం 2,500 న్యూటన్లు, అనగా సుమారు 255 కిలోల బరువుకు సమానం. 200 మి.మీ. దూరంలో ఖర్చయితే అది సగానికి, 1,250 న్యూటన్లకు తగ్గుతుంది. టైరు, స్వారీదారుని చేతులు కూడా కొంత భరిస్తాయి కనుక ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. అయినను పెద్ద దెబ్బలకు పొడవైన కదలిక ఎందుకు కావాలో దీనివలన స్పష్టమవుతుంది.

డ్యాంపరులో రెండు దిశల నియంత్రణలు ఉంటాయి. అణిగేటప్పుడు పనిచేసేది కంప్రెషన్, తిరిగి లేచేటప్పుడు పనిచేసేది రీబౌండ్. మేలురకపు ఫోర్కులలో కంప్రెషన్‌ను మందవేగము, అధికవేగము అని రెండుగా విభజిస్తారు. ఇక్కడ వేగం అంటే సైకిలు వేగం కాదు, ఫోర్కు కాళ్ళు జారే వేగము. బ్రేకు వేసినపుడు ముందుభాగం కిందికి వంగడం మందవేగపు కదలిక. చక్రం రాతికి కొట్టుకొనడం అధికవేగపు కదలిక. సైకిలు నెమ్మదిగా పోతున్నా, రాతి అంచు తగిలితే ఫోర్కు అధికవేగంతోనే కదులుతుంది.

రకాలు

ఏక కిరీటపు ఫోర్కులు క్రాస్ కంట్రీ, ట్రయల్, ఎండ్యూరో సైకిళ్ళలో వాడతారు. వీటి కదలిక 80 మి.మీ. నుండి సుమారు 180 మి.మీ. వరకు ఉంటుంది. హ్యాండిలు ఎటువైపైనా పూర్తిగా తిరుగుతుంది. అనేక నమూనాలలో ఎక్కుడు దారిలో కదలికను బిగించే లాకవుట్ మీట ఉంటుంది.

జంట కిరీటపు ఫోర్కులు డౌన్‌హిల్‌కు ప్రత్యేకమైనవి. కదలిక సుమారు 200 మి.మీ. పై కాళ్ళు తల గొట్టాన్ని దాటి పైకి వెళ్ళడం వలన భారం రెండు కిరీటాలకు పంచబడుతుంది. బరువు సుమారు రెండున్నర నుండి మూడు కిలోలు. పై కాళ్ళు ఫ్రేముకు తగులుతాయి కనుక హ్యాండిలు తిరిగే కోణం పరిమితము; ఫ్రేము సొట్ట పడకుండా రబ్బరు దిమ్మెలు అమర్చాలి. రద్దీ వీధిలో చటుక్కున మళ్ళడానికి ఈ ఏర్పాటు అనుకూలం కాదు. చాలా నమూనాలలో లాకవుట్ ఉండదు.

తలక్రిందుల ఫోర్కులలో లావు గొట్టాలు పైన, సన్నని గొట్టాలు కింద ఉంటాయి. మానిటూ సంస్థ డొరాడో దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. సీళ్ళ దగ్గర నూనె ఎల్లప్పుడూ నిలిచి ఉండుట దీని లాభము. చక్రం మెలితిరగకుండా నిలుపుటకు ఇరుసు మిక్కిలి బలంగా ఉండవలసి రావడం దీని పరిమితి.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

ఫ్రేము అనుమతి: అన్నిటికంటే ముందు చూడవలసినది ఫ్రేము తయారీదారు అనుమతించిన గరిష్ఠ కదలిక. 100 మి.మీ. ఫోర్కుకు తయారైన ఫ్రేముకు 200 మి.మీ. ఫోర్కును బిగిస్తే సైకిలు ముందుభాగం సుమారు 80 నుండి 100 మి.మీ. పైకి లేస్తుంది. ముందుభాగం 20 మి.మీ. లేచిన ప్రతిసారీ తల గొట్టం కోణం సుమారు ఒక డిగ్రీ వాలుతుంది. ఆ లెక్కన నాలుగు డిగ్రీలకు పైగా వాలి సైకిలు నడక పూర్తిగా మారిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది బలము. ఫోర్కు పొడవైన మీట వలె పనిచేసి, ప్రతి దెబ్బకు తల గొట్టం అతుకులను ఎక్కువ బలంతో వంచుతుంది. అక్కడ పగులు ఏర్పడితే ముందు చక్రం ఫ్రేము నుండి విడిపోతుంది. అనేక తయారీదారులు ఏక కిరీటానికి మాత్రమే అనుమతిచ్చి, జంట కిరీటం బిగిస్తే వారంటీ చెల్లదని స్పష్టంగా చెబుతారు.

వాడుక తరగతి: అమెరికా ప్రమాణాల సంస్థ ఎ.ఎస్.టి.ఎం. రూపొందించిన ఎఫ్2043 ప్రమాణం సైకిళ్ళను వాడుక తీవ్రతను బట్టి వర్గీకరిస్తుంది. స్థూలంగా చెప్పాలంటే, రెండవ తరగతి 15 సెం.మీ. లోపు దిగుడులకు, మూడవది 61 సెం.మీ. లోపు దిగుడులకు, నాల్గవది 122 సెం.మీ. లోపు దిగుడులకు ఉద్దేశించినవి. గంటకు 40 కిలోమీటర్లు మించిన వేగంతో కఠినమైన వాలుల్లో దిగడం, పెద్ద గెంతులు ఐదవ తరగతి కిందికి వస్తాయి. సైకిలుపై అతికించిన గుర్తులోగాని, వెంట వచ్చిన పుస్తకంలోగాని ఈ తరగతి ఉంటుంది. బజారులో మౌంటెన్ బైకు పేరుతో అమ్మే సైకిళ్ళన్నీ కొండ దిగడానికి తగినవి కావు.

స్టీరరు గొట్టము: ప్రస్తుత ఏక కిరీటపు ఫోర్కులలో ఎక్కువ భాగం పైన 1-1/8 అంగుళం, కింద 1.5 అంగుళాలు ఉండే సన్నబారిన గొట్టంతో వస్తాయి. జంట కిరీటపు ఫోర్కులు సాధారణంగా ఆసాంతం 1-1/8 అంగుళం ఉంటాయి. సన్నని గొట్టాన్ని వెడల్పైన తల గొట్టంలో తగిన కప్పులతో బిగించవచ్చును, కాని సన్నబారిన గొట్టం పాతకాలపు సన్నని తల గొట్టంలో పట్టదు. వాడిన ఫోర్కు కొనేటప్పుడు గొట్టం ఎంత పొడవుకు కోయబడినదో కొలవాలి. పొట్టిదైపోయిన గొట్టానికి అతుకు వేయరాదు.

కాళ్ళ వ్యాసము: గోడ మందం సమానంగా ఉన్నపుడు గొట్టం వంగకుండా నిలిచే శక్తి సుమారుగా వ్యాసం ఘనాన్ని అనుసరిస్తుంది. కావున 40 మి.మీ. గొట్టం 32 మి.మీ. గొట్టంకంటే దాదాపు రెట్టింపు దృఢమైనది. డౌన్‌హిల్ ఫోర్కులలో ఇప్పుడు 38 లేదా 40 మి.మీ. వ్యాసం సాధారణము.

ఇరుసు, చక్రము: పాత సైకిళ్ళలో మీటతో బిగించే 9 మి.మీ. ఇరుసు ఉంటుంది. డిస్కు బ్రేకు బలం దానిని గూటి నుండి ఊడదీసే దిశలో పనిచేస్తుంది. అందువలన కఠిన వాడుకకు ఫోర్కు కాళ్ళ గుండా దూర్చి బిగించే ఇరుసు తప్పనిసరి. ట్రయల్ ఫోర్కులకు 15 మి.మీ., డౌన్‌హిల్ ఫోర్కులకు 20 మి.మీ. ఇరుసు వాడుకలో ఉన్నవి. ఫోర్కు మారితే హబ్బు కూడా మారవలసి రావచ్చును; ఆ ఖర్చును ముందే లెక్కించాలి. 29 అంగుళాల చక్రం 26 అంగుళాల ఫోర్కులో పట్టదు.

బ్రేకు: డౌన్‌హిల్ ఫోర్కులు 200 లేదా 203 మి.మీ. డిస్కుకు తయారవుతాయి. రిమ్ము బ్రేకులకు వాటిపై చోటు ఉండదు. తేలికపాటి ఫోర్కుకు అనుమతించిన పరిమాణాన్ని మించిన డిస్కును బిగించరాదు.

స్ప్రింగు రకము: కాయిల్ స్ప్రింగు చిన్న కుదుపులకు సైతం మెత్తగా స్పందిస్తుంది, వేడికి పెద్దగా మారదు. కాని స్వారీదారుని బరువుకు తగిన స్ప్రింగును విడిగా కొనవలసి ఉంటుంది. గాలి స్ప్రింగు తేలిక. పంపుతో ఏ బరువుకైనా సరిచేయవచ్చును. అణిగేకొద్దీ దాని గట్టిదనం వేగంగా పెరుగుతుంది కనుక చివరికంటా కొట్టుకొనే ప్రమాదం తక్కువ. ఒకే సైకిలును ఇద్దరు ముగ్గురు విద్యార్థులు పంచుకొని వాడేచోట గాలి స్ప్రింగు అనుకూలము.

ఉస్మానియా ప్రాంగణము, తార్నాక పరిసరాలు

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో స్థాపించబడినది. గులాబీ రంగు గ్రానైటు రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. ప్రాంగణానికి ఉత్తరాన తార్నాక ఉన్నది. సికింద్రాబాదు నుండి ఉప్పల్ వైపు పోయే ప్రధాన రహదారి తార్నాక కూడలి మీదుగా వెళుతుంది. జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి పరిశోధనాలయాలు ఈ పరిసరాలలో ఉన్నాయి. 2017 నవంబరులో ఈ మార్గంలో మెట్రో రైలు ప్రారంభమైనది.

ఈ ప్రాంతం దక్కను పీఠభూమిలో, సముద్రమట్టానికి సుమారు 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నది. నేల అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. ఎండకు, వానకు ఆ రాయి పొరలుగా విచ్చి గుండ్రని బండలుగాను, పొడిగా రాలి మొరముగాను మారుతుంది. ఫోర్కు ఎంపికకు ఈ రెండూ ముఖ్యమే. బండ గరుకుగా ఉండి టైరుకు గట్టి పట్టునిస్తుంది, కాని దాని అంచులు నిటారుగా ఉండి ఫోర్కును ఒక్కసారిగా అణచివేస్తాయి. మొరం పొడిగా ఉన్నపుడు టైరు కింద గోళీల వలె జారుతుంది. అక్కడ కదలిక పొడవుకంటే మెత్తని స్పందన, సరైన రీబౌండ్ అమరిక ఎక్కువ మేలు చేస్తాయి.

ప్రాంగణంలోని వాలులు పొట్టివి. ఎత్తు తేడా పదుల మీటర్లకు మించదు. ప్రపంచస్థాయి డౌన్‌హిల్ మార్గాలు కొన్ని వందల మీటర్ల ఎత్తు నుండి దిగుతాయి; వాటిపై స్వారీ మూడు నుండి ఐదు నిమిషాలపాటు సాగుతుంది. అట్టి మార్గాలకు పైకి చేరడానికి రోప్‌వేలు, వాహనాలు ఉంటాయి. తార్నాకలో నివసించే స్వారీదారు మాత్రం దిగిన ప్రతి వాలును తొక్కుకుంటూ ఎక్కవలసినదే. మూడు కిలోల బరువుతో, లాకవుట్ లేకుండా, తొక్కిన ప్రతిసారీ ఊగే 200 మి.మీ. ఫోర్కు ఇక్కడ ఉపయోగానికి మించిన భారము.

ఈ పరిస్థితులను బట్టి అవసరాలను కింది విధంగా విభజించవచ్చును.

* ప్రాంగణంలోని తారు రోడ్లపై, తార్నాక నుండి కళాశాలకు రాకపోకలకు సస్పెన్షన్ లేని ఫోర్కు, కాస్త వెడల్పైన టైర్లు చాలును. 2023 అక్టోబరులో హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌరకప్పు సైకిలు మార్గం వంటి నున్నని దారులకూ ఇదే వర్తిస్తుంది.
* మొరం బాటలకు, గతుకులకు 80 నుండి 100 మి.మీ. కదలిక, డ్యాంపరు, లాకవుట్ గల ఫోర్కు తగినది.
* బండలపై నుండి అడుగు, అడుగున్నర దిగుడులకు 120 నుండి 140 మి.మీ. కదలిక, 34 మి.మీ. లేదా అంతకు మించిన కాళ్ళు, దూర్చి బిగించే ఇరుసు అవసరము.
* నీలగిరులకు గాని, హిమాచల్ ప్రదేశ్‌కు గాని తరచుగా పోయి పెద్ద వాలులు దిగేవారికి, తిరిగి వచ్చి ఇక్కడ కూడా అదే సైకిలు తొక్కేవారికి 150 నుండి 170 మి.మీ. ఏక కిరీటపు ఫోర్కు మధ్యేమార్గము.
* డౌన్‌హిల్ పోటీలలో పాల్గొనేవారికి, అందుకు తయారైన ఫ్రేము ఉన్నవారికి మాత్రమే 200 మి.మీ. జంట కిరీటపు ఫోర్కు సార్థకము.

ఉస్మానియా ప్రాంగణం ముందుగా విద్యాస్థలము. ఉదయం, సాయంత్రం నడకకు వచ్చేవారు, పిల్లలు, వృద్ధులు అక్కడ అధికము. పాదచారులు ఉన్నచోట వేగంగా దిగుట, చారిత్రక భవనాల మెట్లపై సైకిలు దూకించుట ఎంత మంచి ఫోర్కు ఉన్నా తగని పనులు. అటవీ ప్రాంతాలలో స్వారీకి అటవీశాఖ అనుమతి అవసరము కావచ్చును.

అమరిక

స్వారీదారు సైకిలుపై తన సాధారణ భంగిమలో నిలిచినపుడు ఫోర్కు తనంత తాను కొంత దిగుతుంది. దీనిని శాగ్ అంటారు. డౌన్‌హిల్ వాడుకకు కదలికలో 25 నుండి 30 శాతం, ట్రయల్ వాడుకకు 20 నుండి 25 శాతం శాగ్ ఉంచుతారు. అనగా 200 మి.మీ. ఫోర్కు 50 నుండి 60 మి.మీ., 120 మి.మీ. ఫోర్కు 24 నుండి 30 మి.మీ. దిగాలి. పై కాలుకు ఉండే రబ్బరు ఉంగరాన్ని సీలు వరకు జరిపి, సైకిలు ఎక్కి, కదలకుండా దిగి, ఉంగరం జరిగిన దూరాన్ని కొలిస్తే శాగ్ తెలుస్తుంది. శాగ్ తక్కువైతే చక్రం గుంతలలోనికి దిగక నేలను విడుస్తుంది. ఎక్కువైతే పెద్ద దెబ్బలకు కదలిక మిగలదు.

తరువాత రీబౌండ్‌ను సరిచేయాలి. హ్యాండిలును బలంగా నొక్కి వదిలినపుడు ఫోర్కు వెంటనే లేచి, పైన ఊగకుండా నిలవాలి. రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉంటే వరుస రాళ్ళపై ఫోర్కు లేచే వ్యవధి దొరకక అంతకంతకు కిందికి కూరుకుపోయి రాయి వలె గట్టిపడుతుంది. కొత్తవారు దీనిని స్ప్రింగు గట్టిదనంగా పొరబడి గాలి తీసివేస్తారు. అందువలన సమస్య మరింత పెరుగుతుంది. ఒకసారికి ఒక్క మరనే తిప్పి, అదే వాలుపై మళ్ళీ దిగి చూచుట మంచి పద్ధతి.

వేడి, దుమ్ము, నిర్వహణ

హైదరాబాదులో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలను దాటుతుంది. గాలి స్ప్రింగుపై దీని ప్రభావాన్ని లెక్కించవచ్చును. 20 డిగ్రీల వద్ద 80 పి.ఎస్.ఐ. నింపిన గాలి 42 డిగ్రీలకు చేరితే, వాతావరణ పీడనాన్ని కలిపి లెక్కించినపుడు, సుమారు 87 పి.ఎస్.ఐ. అవుతుంది. శీతాకాలపు ఉదయం సరిచేసిన ఫోర్కు వేసవి మధ్యాహ్నం గట్టిగా తోచడానికి ఇది ఒక కారణము. వేడికి డ్యాంపరు నూనె పలుచబడి రీబౌండ్ కూడా కొంత వేగవంతమవుతుంది. కావున ఋతువు మారినపుడు శాగ్‌ను తిరిగి కొలవాలి. ఫోర్కుకు సన్నని కొలతలు చూపే ప్రత్యేక పంపు కావాలి. పంక్చరు దుకాణంలోని కంప్రెసరుతో గాలి నింపరాదు.

మొరం దుమ్ములో గ్రానైటు నుండి వచ్చిన గట్టి క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. అవి సీళ్ళ వద్ద చేరితే గరుకు కాగితం వలె పై కాళ్ళ పూతను గీకివేస్తాయి. స్వారీ తరువాత పై కాళ్ళను మెత్తని గుడ్డతో తుడవడం చాలా మేలు. అధిక పీడనపు నీటిధారను సీళ్ళపైకి కొట్టరాదు. వర్షాకాలంలో బురద స్వారీ తరువాత ఇది మరీ ముఖ్యము. కింది కాళ్ళలోని నూనెను చాలా నమూనాలకు సుమారు 50 గంటల స్వారీకి ఒకసారి మార్చాలి. డ్యాంపరు పూర్తి మరమ్మతు వ్యవధి తయారీదారును బట్టి మారుతుంది. సీళ్ళు, బుష్షులు స్థానికంగా దొరికే నమూనాను ఎంచుకొనుట వివేకము. విడిభాగాలు దొరకని ఖరీదైన ఫోర్కు ఒక సీలు పోయినంతనే మూలపడుతుంది.

వాడిన ఫోర్కు కొనుగోలు

విద్యార్థులు తరచు వాడిన ఫోర్కులనే కొంటారు. డౌన్‌హిల్ ఫోర్కు బయటికి కనిపించని దెబ్బలు తిని ఉండవచ్చును గనుక ఈ పరీక్షలు అవసరము.

* పై కాళ్ళపై గోరుకు తగిలే గీతలు, సొట్టలు ఉన్నచో కొనరాదు.
* ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు వెనుకకు ఊపినపుడు కాళ్ళ మధ్య లొడలొడ ఉంటే బుష్షులు అరిగినట్లు. తల గొట్టం బేరింగుల వదులును విడిగా పరీక్షించి తేడా తెలుసుకోవాలి.
* కిరీటం, స్టీరరు గొట్టం కలిసేచోట కిర్రుమనే శబ్దం, పగులు, రంగు చిట్లడం ప్రమాద సూచనలు.
* కింది కాళ్ళ అడుగున నూనె తడి ఉంటే సీలు లేదా డ్యాంపరు పోయినట్లు అనుమానించాలి.
* గాలి నింపి ఒక రాత్రి ఉంచి, పంపు బిగించినపుడు పోయే కొద్ది గాలిని మినహాయించి, మరునాడు పీడనం నిలిచిందా చూడాలి.
* తయారైన సంవత్సరం, చక్రం పరిమాణం, ఇరుసు కొలత, స్టీరరు పొడవు రాసుకొని తమ ఫ్రేముతో సరిపోల్చుకోవాలి.

వంగిన స్టీరరు గొట్టాన్ని, పగిలిన కిరీటాన్ని వెల్డింగు చేయించి వాడరాదు. అల్యూమినియం మిశ్రమలోహాలను ఉష్ణసంస్కారంతో బలపరుస్తారు; వెల్డింగు వేడికి ఆ బలం పోతుంది. ఫోర్కు విరిగితే ముందు చక్రం ఒక్కసారిగా ఆగి స్వారీదారు తలక్రిందులుగా పడతాడు. చేతులు చాపుకొనే వ్యవధి కూడా ఉండదు. పరిమిత ధనం గలవారు తక్కువ ఖరీదు డౌన్‌హిల్ ఫోర్కుకంటే అదే ధరకు వచ్చే నాణ్యమైన 120 మి.మీ. ఫోర్కును, మిగిలిన సొమ్ముతో మంచి టైర్లు, బ్రేకులు, ముఖాన్ని కప్పే హెల్మెటు కొనుట శ్రేయస్కరము.